జొన్న రొట్టె, బోరు నీళ్లు

ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ముందు వెన్నెముక కనిపిస్తుంది. సుద్దముక్కతో దిద్ది దిద్ది రాసినట్టు తెల్లగా, చిక్కగా ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మనిషి వెన్ను అలాగే ఉంటుందని డాక్టర్లకు అప్పటికే తెలుసు. చూపు కిందికి జారి మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క తప్పుతోంది. అక్కడ ఎముక పలచబడిపోయింది. లోపలి సత్తువంతా ఎవరో తోడేసినట్టు డొల్లగా ఉంది. మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. పాదాలు మాత్రం చెరో దిక్కుకు పోయాయి. ఒకే ఒళ్లు. పైన రాయి, కింద మైనం.

అవి 1970ల మొదటి సంవత్సరాలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, డాక్టర్ కమలా కృష్ణస్వామి ముందున్న చిక్కు ఇది. ఫ్లోరోసిస్ అంటే ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి, నడివయసు దాటాక నడుము బిగుసుకుపోయే జబ్బని అప్పటిదాకా అనుకుంటూ వచ్చారు. ఇప్పుడు కనిపిస్తున్నదేమో మీసాలు కూడా సరిగా రాని పిల్లలు. ఒళ్లు బిగుసుకుపోవడం కాదు, కాళ్లు వంగిపోవడం. పుస్తకంలో లేని రోగం పల్లెలో ఎట్లా పుట్టింది?

ఈ గాథలో ఒక ఇల్లు ఉంది. దాని గుమ్మం మీద పేరు రాయడం లేదు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పల్లెల్లోని ఎన్నో ఇళ్లను కలిపి కట్టిన ఇల్లు అది. అందులో వినిపించే మాటలు అలాంటి ఇళ్లలో నడిచే మాటలు. డాక్టర్లు, సంవత్సరాలు, అంకెలు మాత్రం చరిత్రలో ఉన్నవే.

ఆ ఇంట్లో అవ్వ మెడ తిప్పలేదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే, ఎడ్లబండి మళ్లించినట్టు ఒళ్లంతా తిప్పి చూస్తుంది. నేల మీద చతికిలబడి తినక చాలా ఏళ్లయింది. మంచం పట్టె మీద ఒరిగి తింటుంది. ఇవన్నీ ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది నీళ్లు తాగడం దగ్గర వచ్చింది. మన ఇళ్లలో చెంబు పైకెత్తి, మెడ వెనక్కి వాల్చి, ధార గొంతులో పడేట్టు తాగుతాం, ఎంగిలి కాకుండా. అవ్వ మెడ వెనక్కి వాలదు. చెంబుకు నోరు ఆనించి తాగాల్సిందే. అందుకని ఆమె చెంబు విడిగా గూట్లో పెట్టారు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఇంటిల్లిపాదికీ నీళ్లు ముంచి ఇచ్చిన మనిషికి ఇప్పుడు వేరే చెంబు.

మనవడికి పన్నెండేళ్లు.

"బడికి పోలేదేంరా?"

"మోకాళ్లు రాసుకుంటున్నయ్ అవ్వా. తోలు లేసింది."

"ఆముదం రాయమను మీ అమ్మను."

"రాసింది. నడిస్తే మల్ల లేస్తది."

తల్లి పెనం మీద రొట్టె తిప్పుతూ అంటుంది: "పట్నం దవాఖానకు తీస్కపొమ్మంటున్రు. రెండు దినాలు పోతే కూలి ఎవలు జేస్తరు?"

తండ్రి ఏమీ అనడు. అతని పళ్ల మీదా కొడుకు పళ్ల మీదా ఒకే రకం గోధుమరంగు చారలు. ఎంత బొగ్గుతో తోమినా, ఎంత వేపపుల్లతో రుద్దినా పోవు. పన్ను చిగురు లోపల తయారవుతున్న రోజుల్లోనే ఫ్లోరైడ్ ఎనామిల్‌లో చేరిపోతుంది, కాబట్టి ఆ మరక పైన పట్టింది కాదు, పంటితో పాటు పుట్టింది. ఆ ఊళ్లకు సంబంధాల కోసం వచ్చేవాళ్లు పిల్లవాడి పొలం కంటే ముందు పళ్లు చూస్తారు. పళ్లను బట్టి ఊరు చెప్పేస్తారు.

* * *

ఈ జబ్బుకు మన దేశంలో పేరు పడింది నల్లగొండలో కాదు. కృష్ణానదికి ఆవల, పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాల్లో. తర్వాత అవి ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా కింద ఉండేవి. అక్కడి రైతులు ముందు గమనించింది మనుషుల్ని కాదు, ఎడ్లను. వయసులో ఉన్న ఎద్దు కీళ్లు బిగుసుకుని కాడి కింద నడవలేకపోయేది. కొత్తగా కొనుక్కొచ్చిన జతదీ కొన్నేళ్లకు అదే గతి. మనిషి నడుము వంగితే వయసనుకుంటారు, కర్మనుకుంటారు. ఎద్దు కుంటితే దుక్కి ఆగిపోతుంది. అందుకే ముందు ఎద్దు లెక్కలోకి వచ్చింది.

మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ముగ్గురు ఈ పని మీద పూనుకున్నారు. హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి. షార్ట్ ఆ తర్వాత 1948లో మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాక్కునే దశను కనిపెట్టిన జంటలో ఒకడయ్యాడు. పండిట్ స్వతంత్ర భారతంలో ఐ.సి.ఎం.ఆర్.కు తొలి డైరెక్టర్ అయ్యాడు. అంతటివాళ్లు నెల్లూరు మెట్ట పల్లెల్లో మనుషుల నడుములు, బావుల నీళ్లు కలిపి చూశారు. బిగుసుకుపోయిన వెన్నుకూ బావి నీళ్లలోని ఫ్లోరైడ్‌కూ ముడి ఉందని 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఒక మారుమూల రోగానికి ప్రపంచ వైద్యంలో చోటు దొరికింది. బావి మాత్రం మారలేదు. ఆ పేపరు అచ్చయిన రోజు సాయంత్రం కూడా పొదిలి వైపు ఆడవాళ్లు అదే బావిలో చేద వేసి ఉంటారు.

నేల సంగతి చెప్పుకోవాలి. ఈ ప్రాంతాల కింద ఉన్నది పాత గ్రానైటు, నైసు రాయి. అందులో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు కలిసి ఉంటాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. భూమిలోకి ఇంకిన కొద్దిపాటి నీళ్లు రాయి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి దాన్ని కరిగిస్తూ ఉంటాయి. నీళ్లలో సున్నపు పాలు, అంటే కాల్షియం, ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి కింద కూచోబెడుతుంది. ఇక్కడి నీళ్లలో అది తక్కువ, సోడా గుణం ఎక్కువ. అందుకే ఫ్లోరైడ్ నీళ్లలోనే తేలి బిందెలోకి వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. కాగబెడితే పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలిన దాంట్లో మరింత చిక్కబడుతుంది. బోరు లోతుకు పోయినకొద్దీ రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీళ్లు పైకి వస్తాయి. చెరువులు పూడి, చేదబావులు ఎండి, బోర్లు దించిన తరం ఈ రోగాన్ని తమ చేతులతో తామే లోపలి నుంచి తోడుకుంది. తెలిసి చేసిన పని కాదు. దాహానికి చేసిన పని.

నెల్లూరు పేపరు వచ్చిన ఆ రోజుల్లోనే భూగోళానికి అటువైపు ఇదే ఫ్లోరైడ్ మందుగా మారుతోంది. కొలరాడో స్ప్రింగ్స్‌లో పళ్ల మీద గోధుమ మరకలు చూసి ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు ఎన్నో ఏళ్లు వెతికాడు. 1931లో కారణం దొరికింది: నీళ్లలో ఫ్లోరైడ్. ట్రెండ్లీ డీన్ 21 అమెరికా పట్టణాల్లో 7,257 మంది పిల్లల నోళ్లు చూసి, లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర ఉంటే పళ్లు పుచ్చడం తగ్గుతుంది, మరకా పెద్దగా పడదు అని తేల్చాడు. 1945 జనవరిలో గ్రాండ్ రాపిడ్స్ పట్టణం తన కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచి కలపడం మొదలుపెట్టింది. అక్కడ కొలిచి పోశారు. ఇక్కడ కొలత లేకుండా నేలే పోసింది.

ఆ ఒక మిల్లీగ్రాము లెక్క చల్లని ఊళ్ల లెక్క. ఎండ దేశంలో మనిషి ఎక్కువ నీళ్లు తాగుతాడని అమెరికా వాళ్లే తర్వాత గుర్తించి, 1962లో గాలి వేడిని బట్టి 0.7 నుంచి 1.2 దాకా హద్దులు మార్చుకున్నారు. ఇప్పుడు మన దేశపు కొలతలో ఒక మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చు. ఈ అంకెను ఒకసారి మే నెలలో పత్తి చేలో కలుపు తీసే మనిషి దగ్గరికి తీసుకెళ్లి చూడండి. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములున్న బోరు అనుకుందాం. ఫ్యాన్ కింద కూచునే గుమాస్తా రెండు లీటర్లు తాగితే ఎనిమిది. చేలో ఉన్నామె ఐదు లీటర్లు తాగితే ఇరవై. అవే నీళ్లతో ఉడికిన గటక, కాచిన చాయ్ ఇంకా కలపలేదు. బోరు ఒక్కటే. ఎండలో నిలబడిన ఒంట్లోకి పోయే విషం వేరు.

* * *

1955 డిసెంబర్‌లో రెండు సంగతులు జరిగాయి. లండన్‌లో అచ్చయ్యే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన పేపరు వచ్చింది. హైదరాబాద్ దక్కన్‌లోని నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని అది చెప్పింది. అదే నెల పదో తేదీన నల్లగొండ, గుంటూరు జిల్లాల మధ్య కృష్ణ ఒడ్డున ప్రధాని నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాముకు పునాదిరాయి వేశాడు. ఒకదాంట్లో జిల్లా దాహం, ఒకదాంట్లో జిల్లా ఆశ. ఈ రెండూ ఎప్పుడో కలుస్తాయని అందరూ అనుకున్నారు. కలిశాయి కూడా, ఎవరూ అనుకోని చోట.

1967 ఆగస్టులో ఇందిరాగాంధీ సాగర్ కాలవలకు నీళ్లు వదిలింది. ఆయకట్టు పచ్చబడింది. ఆ తర్వాత కొన్నేళ్లకే పోషకాహార సంస్థ వాళ్లు ఈ గాథ మొదట్లో చెప్పిన ఎక్స్‌రేలు చూస్తున్నారు.

ఊళ్లలో తిరిగి అడగాల్సిన ప్రశ్నలు పెద్దవేం కావు. ఏ బావి నీళ్లు, ఎన్నేళ్ల నుంచి, ఏం తింటారు. పల్లెల్లో పోషకాహార సర్వే అంటే అదే. కాగితం, పెన్సిలు, గుమ్మం ముందు నిలబడి అడగడం.

"రోజూ ఏం తింటరమ్మా?"

"ఏముంటది సారూ, జొన్న గటక. రొట్టె. పండుగకు బువ్వ."

"పాలు?"

"బర్రె ఉన్నోళ్లకు పాలు."

ఈ నాలుగు ముక్కల్లోనే చిక్కుముడి కొస ఉంది. ఒకే బావి నీళ్లు తాగే ఊళ్లో కాళ్లు వంగిన పిల్లలు అందరి ఇళ్లలోనూ లేరు. జొన్న మీద బతికే ఇళ్లలో ఎక్కువ కనిపించారు. వాళ్ల వెన్నులో ఫ్లోరోసిస్, కాళ్లలో ఎముక పలచబడటం. ఒకే పిల్లవాడిలో ఈ రెండూ కలిసి కనిపించడాన్ని కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో ప్రకటించారు. 'జెను వాల్గమ్' అన్న లాటిన్ మాట నల్లగొండ పిల్లల మోకాళ్లకు అతుక్కుంది.

ఆ తర్వాత జొన్న గింజల్ని పరీక్షకు పెట్టారు. వై.జి. దేవస్థలే, కృష్ణమాచారి, భవానీ బెలవాడి కలిసి, కాళ్లు వంగే ఊళ్ల నుంచీ వంగని ఊళ్ల నుంచీ వడ్లు, జొన్నలు, సజ్జలు తెచ్చి వాటిలో రాగి, జింకు, మాలిబ్డినం ఎంతెంత ఉన్నాయో కొలిచారు. కృష్ణమాచారి వాదన ఇలా నడిచింది. డ్యాము కట్టాక చుట్టుపక్కల భూమిలో నీటిమట్టం పెరిగింది. చవుడు గుణం పెరిగిన నేల నుంచి పైరు మాలిబ్డినం ఎక్కువ పీల్చుకుంది. జొన్నలో అది చేరింది. మాలిబ్డినం ఒంట్లో ఎక్కువైతే రాగిని మూత్రంలోకి నెట్టేస్తుంది. రాగి లేకపోతే ఎదిగే ఎముక గట్టిపడదు. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ పచ్చిక బయళ్లలో పశువులకు మాలిబ్డినం ఎక్కువై, రాగి తక్కువై జబ్బు చేయడం అప్పటికే తెలిసిన సంగతి. ఫ్లోరైడ్ ఒకవైపు, రాగి లేమి ఒకవైపు, కాల్షియం లేని కంచం ఇంకోవైపు. ఈ మూడూ ఎదిగే వయసులో ఉన్న పిల్లవాడి మోకాలి మీద కలుసుకున్నాయి.

ఈ గొలుసులో ప్రతి లంకె ఒకే గట్టిదనంతో నిలబడిందని నేను చెప్పను. డ్యాము నుంచి మోకాలి దాకా గీత గీయడం పెద్ద మాట, దాని మీద వాదనలు సహజం. కానీ ఆ పరిశోధన ఒక్క పని చేసింది. అప్పటిదాకా ఎక్కువగా నీళ్లనే చూసిన కళ్లను కంచం వైపు తిప్పింది. 1977లో అదే సంస్థకు చెందిన లక్ష్మయ్య, శ్రీకంఠయ్య బియ్యం తిన్నప్పటికంటే జొన్న తిన్నప్పుడు మనిషి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచిపోతోందని చూపించారు. ఇందులో జొన్న తప్పు లేదు. శుభ్రమైన నీళ్లున్న చోట జొన్న తిన్నవాడు రాయిలా ఉంటాడు. ఈ గడ్డ మీద తరాలు అట్లాగే బతికాయి. తప్పు ఆ నీళ్లు తప్ప వేరే నీళ్లు, ఆ గటక తప్ప వేరే తిండి లేకుండా చేసిన లేమిది. బర్రె ఉన్న ఇంట్లో పిల్లవాడికి ఎంతో కొంత పాలు దొరికాయి. బియ్యం కొనగలిగిన ఇంట్లో గింజ మారింది. పట్నంలో చుట్టాలున్నవాడు పిల్లల్ని అక్కడ చదివించాడు. ఏ దారీ లేనివాడి బిడ్డ కాళ్లు వంగాయి. పరిశోధకులు దీన్ని పట్టికల్లో గళ్లు గీసి రాస్తారు. ఊళ్లో అయితే బోరింగు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు.

ఇదే కృష్ణమాచారి 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో కామెర్లలా వచ్చి మనుషుల్ని చంపుతున్న జబ్బు వెనక వానకు తడిసి బూజు పట్టిన మక్కజొన్న ఉందని పట్టుకున్న బృందంలోనూ ఉన్నాడు. అక్కడా అంతే. చెడిన గింజ తినక తప్పని ఇళ్లే పడిపోయాయి.

* * *

మన ఇంటి పిల్లవాడికి ఇప్పుడు పదిహేనేళ్లు. బడి మానేశాడు. ఆరు కిలోమీటర్లు ఆ కాళ్లతో నడవలేక. గొర్ల వెంట కూడా పోలేడు, అవి పరిగెత్తితే ఇతను పరిగెత్తలేడు కాబట్టి. గుమ్మంలో కూచుని చీపుళ్లు కడతాడు.

అప్పుడొచ్చింది పటిక బిందె. నాగపూర్‌లో ఉన్న జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ సంస్థ, అదే నీరి, 1970ల నడుమ ఒక పద్ధతి తయారు చేసింది. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కొలత ప్రకారం కలపాలి. బాగా కలియతిప్పాలి. తెల్లటి తరకలు కట్టి కిందికి దిగేదాకా కదపకుండా ఉంచాలి. పైన తేరిన నీళ్లు మాత్రమే తీసుకోవాలి. కరెంటు అక్కర్లేదు, పెద్ద యంత్రం అక్కర్లేదు. దానికి వాళ్లు పెట్టిన పేరు 'నల్లగొండ టెక్నిక్'.

తెలివైన పద్ధతి అది, చిన్నచూపు చూడాల్సిందేమీ లేదు. కానీ పొద్దున నాలుగింటికి లేచి, బోరింగు దగ్గర వరస పెట్టి, రొట్టెలు చేసి, కూలికి పోయే ఆడమనిషి ఇంట్లోకి అది మరో పనిగా వచ్చింది. ఏ బోరు నీళ్లకు ఎంత పటిక అన్నది ఆ నీళ్లను పరీక్షించి తేల్చాలి. తక్కువ పడితే ఫ్లోరైడ్ అట్లాగే ఉంటుంది. ఎక్కువ పడితే నీళ్లు వగరు. అడుగున మిగిలిన బురదను జాగ్రత్తగా పారబోయాలి. పటిక అయిపోయిన రోజు మళ్లీ పాత నీళ్లే.

"గీ నీళ్లు వగరుగున్నయే" అంటాడు తండ్రి.

"వగరైతే వగరాయె. తాగు. పిలగాని కోసం తాగు."

నెల రోజులు తాగారు. తర్వాత పటిక తెచ్చేవాళ్లు రాలేదు.

పద్ధతి మాత్రం ప్రయాణం చేసింది. తూర్పు ఆఫ్రికాలోని రిఫ్ట్ లోయ పొడవునా అగ్నిపర్వతాల నేల, మన గ్రానైటు నేలలాగే, నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతుంది. టాంజానియాలోని అరుషా వైపు, ఇథియోపియాలో, కెన్యాలో నీళ్ల ఇంజినీర్లు 'నల్లగొండ' అన్న మాట పలికారు. ఆ మాట తెలుగని, దాని వెనక ఒక ఊరుందని వాళ్లలో ఎందరికి తెలుసో. జిల్లా పేరు వైద్యంగా ఖండం దాటింది. నది నీళ్లు మాత్రం ఈ పల్లెల దాకా రాలేదు.

* * *

1996 లోక్‌సభ ఎన్నికలు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి ఒక ఆలోచన చేసింది. ధర్నాలు చేశారు, అర్జీలు ఇచ్చారు, వినేవాళ్లు విని వెళ్లిపోయారు. ఇక వినక తప్పని చోట చెబుదాం అనుకున్నారు. నామినేషన్ ఎవరైనా వేయొచ్చు. డిపాజిట్ 500 రూపాయలు.

మన పిల్లవాడికి ఇప్పుడు ముప్పై ఆరేళ్లు. పెళ్లి ఆలస్యంగా అయింది, ఆ కాళ్లు చూసి. అవ్వ పోయి చాలా కాలమైంది. తల్లి ఇప్పుడు అవ్వ మంచం మీద ఉంది, అవ్వలాగే ఒళ్లంతా తిప్పి చూస్తూ.

"ఐదు నూర్లు పోతయ్ గదనే" అన్నది భార్య.

"పోతయ్. ఢిల్లీల మన పేరు సదువుతరు."

చీపుళ్లమ్మిన డబ్బు రుమాలులో కట్టుకుని, పక్కూరి నుంచి వచ్చిన జీపులో, కర్రలు రెండూ ఒళ్లో పెట్టుకుని నల్లగొండ కలెక్టరాఫీసుకు పోయాడు. అక్కడ వరస కనిపించింది. వంగిన నడుములు, కర్రలు, గోధుమరంగు పళ్లు. ఒక్కొక్కరుగా లోపలికి పోయి అభ్యర్థులై బయటికి వస్తున్నారు.

బరిలో మిగిలినవాళ్లు 480 మంది. ఒక్క ఎంపీ సీటుకు. బ్యాలెట్ కాగితం కాగితంగా సరిపోలేదు, పుస్తకంగా కుట్టాల్సి వచ్చింది. ఏర్పాట్లకు వ్యవధి చాలక అక్కడ పోలింగ్ వాయిదా వేశారు. దేశం ఓట్లేసి లెక్కలు చూసుకుంటుంటే నల్లగొండ మిగిలిపోయింది. ఆ మిగిలిపోవడం వల్లే పత్రికలు నల్లగొండ అంటే ఏమిటని అడిగాయి. షార్ట్, పండిట్, రాఘవాచారి పేపరు వచ్చి అప్పటికి 59 ఏళ్లు. సిద్దిఖీ పేపరు వచ్చి 41. వైద్య పత్రికల్లో పడిన ఎన్నో అంకెలు చేయలేని పని ఈ ఒక్క 480 చేసింది. పరిశోధకులు కొలిస్తే వాళ్లు రోగులు. వాళ్లకు వాళ్లే వరసకట్టి నిలబడితే అది దేశం చదవాల్సిన సంఖ్య అయింది. నా లెక్కలో అది కూడా ఒక సర్వేనే. రోగులే రాసిన సర్వే.

కమ్యూనిస్టు పార్టీ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచాడు. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు. చీపుళ్లమ్మి మళ్లీ ఎవరూ అట్లా నిలబడలేని అంకె అది. నీళ్ల కంటే ముందు ఆ అంకె వచ్చింది.

పోలింగ్ రోజు భార్య ఓటు గదిలో చాలా సేపు ఉండిపోయింది. అక్షరాలు రావు. గుర్తు చూసుకుని వేయాలి. పేజీ తిప్పుతోంది, తిప్పుతోంది. బయట వరసలో గొణుగుడు మొదలైంది. మొగుడి గుర్తు దొరికేదాకా ఆమె బయటికి రాలేదు.

* * *

2004లో కృష్ణా నీళ్లు హైదరాబాద్ చేరాయి. నల్లగొండ జిల్లాలోనే కోదండాపురం దగ్గర శుద్ధి చేసి, మనిషి దూరి నడవగలిగినంత పైపుల్లో, ఫ్లోరైడ్ జిల్లా నేల మీదుగా రాజధానికి పంపించారు. పట్నానికీ దాహముంది, కాదనను. కానీ ఆ పైపు పోయిన దారి పక్కన నిలబడి చూసినవాళ్ల ముఖాలు కూడా లెక్కలో ఉండాలి. ఇంటింటి కుళాయి కోసం మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఆ తర్వాత నది నీళ్లు ఈ పల్లెల ఇళ్లలోకి వచ్చాయి. ఈ నీళ్లు తాగి పెరిగే పిల్లల పళ్లు తెల్లగా ఉంటాయి. కానీ ఒకసారి వంగిన ఎముకను ఏ నీళ్లూ తిరిగి సాపు చేయవు. ఆ తరం మనుషులు ఇంకా మంచాల మీద ఉన్నారు.

2004 వేసవికి తిరిగి వెళ్దాం. పెద్ద పైపుల మీద అక్కడక్కడా గాలి వాల్వులు ఉంటాయి. వాటి దగ్గర నీళ్లు కారుతుంటాయి. మన ఇంటి కోడలు రెండు బిందెలు తీసుకుని పొద్దున్నే అటు నడిచింది. అప్పటికే పది మంది ఉన్నారు. వాల్వు సందులోంచి సన్నగా పడే ధార కింద గిన్నె పెట్టి, గిన్నెతో బిందె నింపుకుని, ఎండెక్కేలోగా ఇల్లు చేరింది.

ఆ నీళ్లతో పప్పు పెట్టింది.  

పదేళ్ల కొడుకు బడి నుంచి వచ్చాడు. బస్తా పడేసి, గూట్లో ఉన్న చెంబు తీసి బిందెలో ముంచాడు. చెంబు పైకెత్తి, మెడ పూర్తిగా వెనక్కి వాల్చి, ధార గొంతులోకి పోసుకున్నాడు. కొన్ని చుక్కలు గడ్డం మీదుగా మెడ మీదికి జారాయి. గుమ్మంలో చీపురు కడుతున్న తండ్రి చేయి ఆగింది. వాడి మెడ ఎంత దూరం వెనక్కి వాలుతుందో చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకో చెంబు తాగురా" అన్నాడు.